మేకను నమ్ముకుని నడిచిన దారి

ఆ రోజుల్లో మా పాతబస్తీ గల్లీలకు పేర్లు ఉండేవేమో, నాకు మాత్రం తెలియవు. ఇప్పుడు మా ఈడు ఆడవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, గల్లీలన్నీ మారిపోయాయి, పుట్టిన ఇల్లే ఆనవాలు పట్టలేకపోయాం అని ఒకటే బాధ. యాభై ఏండ్లలో ఎంత మారింది అంటారు. నేను వక్క నములుతూ వింటాను. నాకైతే మా గల్లీ ఒక్క పూటలో మారింది. పొద్దున పోయేటప్పుడు ఒక తీరు, తిరిగొచ్చేసరికి ఇంకో తీరు. (మారింది గల్లీ కాదు, మేక. ఆ సంగతి తరువాత తెలిసింది.)

పోలీసు యాక్షన్ అయిన నాలుగైదేండ్లకు నాకు పెండ్లయింది. మాదన్నపేట నుంచి లాడ్ బజార్ వెనక గల్లీలోకి కాపురానికి వచ్చాను. పదహారేండ్ల దాన్ని, వచ్చి నెల కూడా తిరగలేదు. ఆ రోజు మా ఆడబిడ్డ శ్రీమంతం. ఆమె చేతులకు వేయాల్సిన పచ్చగాజులు అత్త వారం ముందే తెచ్చి చాప మీద పెట్టింది. నేను పీట వేయబోయి సరిగ్గా వాటి మీదే వేశాను. (అంత సూటిగా ఆ ఇంట్లో నేను మరే పనీ చేయలేదు.) ఆ చప్పుడుకు అత్త వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "కండ్లు నెత్తికెక్కినయా పిల్లా? పన్నెండు గొడితె రాహుకాలం! గాజులు లేకుంట నా బిడ్డను పీట మీద ఎట్ల కూసోవెట్టాలె?" అన్నది. ఇంటి నిండా చుట్టాలు, పొయ్యి మీద గుండిగలు, పంపడానికి ఎవరూ ఖాళీగా లేరు. "నేనే తెస్త అత్తమ్మా, దారి నాకు ఎరికే" అన్నాను. అత్త నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "బోర్డులు సదువుకుంట పో. తప్పిపోతివో, మల్ల ఈ గడప దాటనియ్య, యాదివెట్టుకో" అన్నది.

బోర్డులు చదవడం వస్తే కదా! పెండ్లిచూపుల్లో మా బాపు "మూడో జమాత్ సదివింది" అని గట్టిగా చెప్పాడు. (బడి గోడకు మూడేండ్లు పిడకలు కొట్టిన మాట నిజమే.) ఆ గుట్టు అత్తగారింట్లో ఇంకా బయటపడలేదు. దారికి నా గుర్తులు నాకున్నాయి. బజారు నుంచి వస్తుంటే ఆకుపచ్చ పరదా కట్టిన దర్వాజ దగ్గర లోపలికి తిరగాలి. తెల్లమేకను కట్టేసిన అరుగు దగ్గర ఎడమకు మళ్లాలి. అక్కడ మూడో తలుపు మాది. ఇంతకన్నా ఏ బోర్డు ఏం చెబుతుంది?

గాజులు దొరికాయి. కాగితంలో చుట్టిన పొట్లాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు కొంగులో పెట్టుకుని తిరిగి బయలుదేరాను. చూస్తే ఆకుపచ్చ పరదా లేదు. (ఉతికి మిద్దె మీద ఆరేశారట.) అటూ ఇటూ తిరుగుతుంటే, దేవుడు పంపినట్టు తెల్లమేక కనబడింది. అరుగు మీదికి ఎండ వచ్చిందని దాన్ని పక్క గల్లీలో నీడకు కట్టారని నాకేం తెలుసు? ఎడమకు మళ్లాను, మూడో తలుపు తోసుకుని, "తెచ్చిన అత్తమ్మా!" అని కేకేస్తూ లోపలికి పోయి నిలబడ్డాను.

లోపల నలుగురు ఆడవాళ్లు బియ్యం ఏరుతున్నారు. నన్ను చూసి నలుగురూ ఒక్కసారే దుపట్టాలు సర్దుకున్నారు. తమలపాకుల పాన్‌దాన్ ముందు కూర్చున్న పెద్దామె (అందరూ నానీమా అంటున్నారు) "అయ్యో మా! కౌన్ హై జీ తూ?" అన్నది. నేను బోరుమన్నాను. ఆమె దగ్గర కూర్చోబెట్టుకుని, షర్బత్ తాగించి, "ఫికర్ నక్కో కర్ బేటీ. నీ మొగని పేరు చెప్పు, ఇంటికి తోలిస్త" అన్నది.

అక్కడే వచ్చింది చిక్కు. మొగుని పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెండ్లి నాడే అమ్మ చెవిలో చెప్పి పంపింది. మామ పేరూ అనకూడదు. తల అడ్డంగా ఊపాను. "అరె, పేరు చెప్పకుంట ఇంటికెట్ల వోతవ్?" అని నానీమా తల పట్టుకుంది. ఆమె కోడలికి మా ఆచారాలు కొంచెం తెలిసినట్టుంది, "దేవుని పేరా?" అని అడిగింది. హమ్మయ్య అనుకుని రెండు చేతులూ పెదవుల దగ్గర పెట్టి పిల్లనగ్రోవి ఊదినట్టు వేళ్లు ఆడించాను. నానీమా చప్పట్లు కొట్టింది. "షెహనాయ్! షెహనాయ్ వాలే కే ఘర్ కీ బహూ!" నన్ను సన్నాయి వాయించే వాళ్లింటి కోడలిని చేసింది! కాదు కాదు, దేవుడు అని చూపుడువేలు పైకి చూపించాను. "హౌ హౌ, మేడ మీద ఉంటడు గదా, ఆయన్నే!" అన్నది. పరదా కట్టిన రిక్షా పిలిపించి, నేను మొత్తుకుంటున్నా వినకుండా ఎక్కించింది.

రిక్షా సన్నాయి వాయించే ముసలాయన ఇంటి ముందు ఆగింది. పన్నెండు కావస్తోంది. ఇక నా బతుకు ఈ పరదా రిక్షాలోనే అనుకున్నాను. అప్పుడే ఆయన సన్నాయి సంచీ, వెనక డోలు మనిషితో మేడ దిగుతూ, పరదా పక్కకు జరిపిన నన్ను చూసి ఆగిపోయాడు. "ఏంది బిడ్డా, నువ్వీడ? మొన్న నీ పెండ్లికి ఊదింది నేనే గదా! పద పద, మీ ఇంటికే వోతున్నం, శ్రీమంతానికి."

అట్లా ముందు సన్నాయి, దాని పక్కన డోలు, వెనక రిక్షాలో నేను. గల్లీ మలుపు తిరగగానే వాళ్లు అలవాటుగా వాయింపు మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు తలుపుల్లోకి వచ్చి చూస్తున్నారు. గడపలో నిలబడ్డ అత్త పరదా ఎత్తి నా మొహం చూసి, "గాజులు తెమ్మంటె బారాత్ తెస్తివేందే!" అన్నది. కోపంగానే మొదలుపెట్టింది, మధ్యలో నవ్వు ఆగలేదు. రాహుకాలానికి ముందే ఆడబిడ్డ చేతులకు గాజులెక్కాయి.

సాయంత్రం కథంతా విని మా ఆయన కండ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "దేవుని పేరేనాయె, అంటె పుణ్యమే. ఒక్కపారి అనరాదూ" అన్నాడు. "అనను. మీ ఆయుష్షు నాకు గావాలె" అన్నాను. "అయితె పిల్లనగ్రోవే ఊదు" అన్నాడు. అదే అలవాటైంది. పెండ్లిండ్లలో, జాతర్లలో, ఎంత గుంపులో ఉన్నా నేను వేళ్లు ఆడిస్తే ఆయన తిరిగి చూసేవాడు. నలభై ఏండ్లు ఆ పేరు పెదవి దాటనీయలేదు. అంత కాపలా కాసినా పోయాడు.

మొన్న మనవరాలిని వెంటబెట్టుకుని ఆ గల్లీకి పోయాను. పరదాలు పోయి షట్టర్లు వచ్చాయి. రోడ్డు కోసం అరుగులు కొట్టేశారు, మేక నిలబడ్డ చోట స్కూటర్లు నిలబడ్డాయి. తికమకపడుతుంటే దుకాణంలో పిల్లవాడు, "ఎవరిల్లు గావాలె అమ్మమ్మా? పేరు చెప్పు" అన్నాడు. ఇప్పుడు చెప్పొచ్చు, ఎవరి ఆయుష్షుకూ భయం లేదు. నోరు తెరిచాను. పేరు కన్నా ముందే చేతులు రెండూ వాటంతట అవే పెదవుల దగ్గరికి పోయాయి, వేళ్లు ఆడాయి.

"ఓ, సన్నాయోళ్లా? వాండ్లెప్పుడో ఖాళీ చేసి వోయిన్రు" అన్నాడు.

మనవరాలు పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గాజుల పొట్లం కొంగులో పెట్టుకుని మేకను నమ్ముకున్న ఆ పిల్ల ఇంకా అక్కడే ఎక్కడో తిరుగుతోంది, ఇల్లు దొరక్క.