బ్యాంకుకు రాణి లేదు

కోరుట్ల మరిది గురించి అప్పుడే రాసిపెట్టుకుందామంటే నాకు అక్షరాలు రావు. యాభై దాటాక, నిరుడు మహిళా సంఘంలో నేర్చుకున్నాను.

అతను మా ఆయనకు తమ్ముడి వరస. గోవా క్యాసినోలో పేకాట నేర్చి, సిరిసిల్లలో మా ఇంట్లో దిగాడు. ఎవరితో ఆడినా తనే బ్యాంకు, అంటే ముక్కలు పంచి మన పందేనికి ఎదురు నిలిచేవాడు. తన ముక్కలు తిప్పే ముందు మన మొహం చూసేవాడు. ఆ చూపు నాకు నచ్చేది కాదు.

అతనితో గోవా పోయి ఆడదామని మా ఆయన సాంచె అమ్మకానికి పెట్టి కొనేవాడి దగ్గర ముందస్తుగా బయానా కూడా తీసుకున్నాడు. కరెంటుతో బట్ట నేసే ఆ ఒక్క సాంచె మీదే మా తిండి.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం నాకూ నేర్పమన్నాను. నూలు కండెలే పందెం. ముందు ఒక కండె పెట్టాలి. మూడు ముక్కలు చూసుకున్నాక ఆడాలంటే ఇంకొకటి పెట్టాలి, లేదంటే మొదటిది పోయినట్టే.

నాకు రెండు ఆసులు పడ్డాయి. రెండో కండె పెట్టాను. అతను నా మొహం చూసి తన ముక్కలు తిప్పాడు.

"బ్యాంకు ఆటలకు రావాలంటే కనీసం రాణి అన్న ఉండాలె వదినా. నాకు లేదు. మొదటి కండెకే గెలిచినవ్. రెండోది ఉత్తగనే వాపస్."

"మరి నేను ఓడితే?"

"రెండూ బ్యాంకుకే."

"నాకు మంచి ముక్కలు పడ్డప్పుడే నీకు రాణి లేకపాయెనా?"

"గా రూల్ నేను పెట్టిన్నా?" నవ్వాడు.

"గంత ఆట తెలిసినోనివి, మా సాంచె పైసలెందుకు నీకు?"

నవ్వు ఆగింది. "ఊకో, నీకేం తెలుస్తది," అన్నాడు పక్కనే కూర్చున్న మా ఆయన.

అతను మోసగాడో, ఆటే అంతో, నాకు ఇప్పటికీ తెలియదు. మరునాడు పొద్దున్నే బయానా కొంగున కట్టుకుపోయి, సాంచె కొంటానన్నాయనకు తిరిగి ఇచ్చేశాను. ఇంటికొచ్చి సాంచె నడిపాను. ఆ చప్పుడుకే వాళ్లిద్దరూ లేచారు.