ముప్పై రెండు ఎంబీల దొంగతనం

గవర్నర్‌పేట కంప్యూటర్ దుకాణాల్లో పాతవాళ్ళెవరినైనా కరిముల్లా గురించి అడిగి చూడండి. పనిమంతుడే గానీ చేతివాటం ఉందంటారు. కస్టమరు మెషీన్‌లోంచి ర్యామ్ కాజేస్తూ పట్టుబడ్డాడని చెబుతారు. అది అబద్ధమని కరిముల్లాకి కాక ఇంకో ఇద్దరికి తెలుసు. ఒకాయన దుకాణం యజమాని వెంకటప్పయ్య. ఆయన చచ్చినా చెప్పడు. రెండోవాణ్ణి నేను, యేసుకుమార్‌ని. నేను చెప్పొచ్చు. చెప్పలేదు.

కరిముల్లాది వన్ టౌన్. తండ్రి రహ్మాన్ సాయిబు ఒక బట్టల కొట్టు మెట్ల కింద బల్ల వేసుకుని గడియారాలు బాగుచేసేవాడు. గడియారాలు బాగుచేసేవాళ్ళంటే లోకానికి ఎప్పుడూ ఒక అనుమానం, మంచి సామాను తీసేసుకుని పాతది బిగిస్తారని. ఆ మాట తన మీద పడకుండా రహ్మాన్ సాయిబు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గడియారంలోంచి తీసింది అరిగిపోయిన స్క్రూ అయినా సరే, కాగితం ముక్కలో పొట్లం కట్టి గడియారంతో పాటు చేతిలో పెట్టేవాడు. "మీ సొమ్ము మీ దగ్గరుండాలండీ" అనేవాడు. తుప్పు పట్టిన స్క్రూ నాకెందుకయ్యా అని విసుక్కుంటూనే జనం ఆయన దగ్గరికే వచ్చేవారు.

కరిముల్లా పదో తరగతి తప్పి ఆ బల్ల దగ్గరే స్క్రూడ్రైవరు పట్టడం నేర్చుకున్నాడు. తొంభై ఏడులో కంప్యూటర్ల పనికి మారి, వెంకటప్పయ్య గారి దుకాణంలో వెనక గదిలో మెషీన్లు బిగించేవాడు. తండ్రి పద్ధతి మాత్రం మానలేదు. మెషీన్‌లో ఉండాల్సిన ర్యామ్‌ని పొట్లం కట్టి ఇవ్వలేడు గదా, అందుకని కేబినెట్ మూసే ముందు కొన్నవాడికి పెన్నిచ్చి, ర్యామ్ మీదున్న స్టిక్కరు మీద సంతకం పెట్టించేవాడు. తోటి మెకానిక్కులు "ఇదేమన్నా రిజిస్ట్రారాఫీసా?" అని నవ్వేవాళ్ళు. "సామాను పోతే కొనుక్కోవచ్చు, పేరు పోతే ఏ కొట్టులో దొరుకుద్దిరా?" అనేవాడు.

నేను అతని దగ్గరికి వెళ్ళింది రెండువేల రెండులో. మందుల హోల్‌సేల్ కంపెనీలో గుమాస్తాని. పెళ్ళి కాలేదు, ఇంట్లో మా అమ్మా నేనూ. నెట్ సెంటర్లో కార్ల రేసు ఆట చూసి పిచ్చెక్కింది. ఆఫీసు పని ఇంట్లో చేసుకుంటానని మా అమ్మకి చెప్పి, ఆట కోసమే కంప్యూటరు కొనబోయాను. ఆట డబ్బా మీద 128 ఎంబీ మెమరీ కావాలని ఉంది. అది సరిపోతుందా అని కరిముల్లాని అడిగాను.

"హార్డ్ డిస్క్ బీరువాలాంటిదండీ, ర్యామేమో పని చేసుకునే బల్ల. బీరువా ఎంత పెద్దదైనా, బల్ల చిన్నదైతే మా నాయన గోడగడియారం విప్పలేడు. డబ్బా మీద రాసింది ఆట తెరుచుకోటానికండీ. హాయిగా ఆడాలంటే దానికి రెట్టింపుండాలి. అంతకన్నా ఎక్కువ పెడితే స్నేహితుల దగ్గర గొప్ప చెప్పుకోటానికే."

ఇంత సూటిగా చెప్పినవాడి మాట వినాలా వద్దా? వినలేదు. వెంకటప్పయ్య గారు అడ్డుపడి, "వాళ్ళట్టాగే చెప్తారండీ. 128 బ్రహ్మాండంగా సరిపోద్ది. పైగా మీకు 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు విడిగా వేస్తన్నా" అన్నాడు. బిల్లు మీద కూడా అలాగే రాసి చేతిలో పెట్టాడు. అప్పటికే వెనక గదిలోకి వెళ్ళిపోయిన కరిముల్లా ఆ బిల్లు చూడలేదు. ఏ బోర్డిస్తే ఆ బోర్డు బిగించడం వరకే అతని పని. నేను 128 స్టిక్కరు మీద వంకర అక్షరాలతో సంతకం పెట్టి, మెషీన్ ఇంటికి తెచ్చుకున్నాను.

ఆట తెరుచుకోలేదు. చాలినంత మెమరీ లేదని తెర మీద వచ్చింది. ఎంత ఉందో చూస్తే 96 ఉంది. 128లో 32 మాయం. మా వీధిలో కంప్యూటర్ కోర్సు చదివినవాడొకడు వచ్చి చూసి, "నీ ర్యామ్ కొట్టేశారు గురూ" అని తేల్చేశాడు. తోటకూర కట్టలోంచి నాలుగు కాడలు లాగినట్టు ర్యామ్‌లోంచి ముప్పై రెండు లాగేస్తారని నమ్మిన మేధావిని నేను. కేబినెట్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దుకాణానికి వెళ్ళి, అందరూ వినేలా గొడవ పెట్టాను.

కరిముల్లా కోప్పడలేదు. కేబినెట్ విప్పి, ర్యామ్ బయటికి తీసి నాకు చూపించాడు. నా వంకర సంతకం నా మొహంలోకే చూస్తోంది. "అదేనా కాదా చూడండి" అన్నాడు. అదే. "మరి ముప్పై రెండు ఎక్కడికి పోయింది?" అని బిల్లు తీసిచ్చాను. అతను బిల్లు చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు గొంతు తగ్గించి చెప్పాడు.

"ఇందులో కార్డు లేదండీ. బొమ్మలు చూపించే పని కూడా మదర్‌బోర్డే చేసుకుంటది. దానిక్కావాల్సిన మెమరీ మీ ర్యామ్‌లోంచే తీసుకుంటది. ఆ ముప్పై రెండే ఇది. కార్డని బిల్లు మీద ఎందుకు రాశారో నాకు తెలీదు."

దొంగ ఎవరో నాకు అప్పుడే అర్థమైంది. వెంకటప్పయ్య గారికి కూడా నాకు అర్థమైన సంగతి అర్థమైంది. నన్ను లోపలి గదిలోకి పిలిచి, కూల్‌డ్రింక్ తెప్పించి, బల్ల మీద కొత్త 128 ర్యామ్ స్టిక్ పెట్టాడు.

"ఇది ఊరికే వేయిస్తా. మీ ఆట గుర్రంలా పరిగెత్తుద్ది. బయట శౌరయ్య గారని, కాలేజీ ల్యాబు ఇన్‌ఛార్జి వచ్చి కూర్చున్నారు. ఇదే బోర్డు ముప్పై మెషీన్లు ఆర్డరివ్వబోతన్నారు. కార్డు గొడవ ఆయన ముందు ఎత్తమాకండి. అంతే."

అంతే అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. కొత్త స్టిక్ జేబులో వేసుకుని బయటికి వచ్చాను.

శౌరయ్య గారు నా గొడవంతా విన్నారు. "ఏంటండీ, మెమరీ పోయిందంటన్నారు?" అని అడిగారు. వెంకటప్పయ్య గారు నిట్టూర్చాడు, పాపం, ఎంత బాధో. "మా మెకానిక్ చేతివాటమండీ. నమ్మి పెట్టుకున్నా. ఈయనకి కొత్తది ఇచ్చేశాను. వాణ్ణి ఈపూటే పంపించేస్తన్నా."

కరిముల్లా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. వెంకటప్పయ్య వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"కుమార్ గారూ, మీ సంతకం మీరే చూశారు గదండీ. ఒక్క మాట చెప్పండి."

నా చెయ్యి జేబులో స్టిక్ మీద ఉంది. దాని అంచు వేలికి గుచ్చుకుంటోంది.

"నాకు కంప్యూటర్ల సంగతి ఏం తెలుసండీ" అన్నాను.

అతను సంచీ సర్దుకున్నాడు. వెంకటప్పయ్య గారు ఆ సంచీ లాక్కుని శౌరయ్య గారి ముందే కుమ్మరించాడు. టిఫిన్ డబ్బా, రెండు స్క్రూడ్రైవర్లు, ర్యామ్ అంచున పిన్నులు తుడిచే పెన్సిలు రబ్బరు. కరిముల్లా నేల మీద కూర్చుని అవన్నీ ఏరుకున్నాడు. రబ్బరు నా చెప్పు పక్కకి దొర్లితే నేను కాలు జరిపాను. నేను చేసిన సాయం అంతవరకే.

కొత్త స్టిక్ ఇంకో మెకానిక్ పాతదాని పక్కనే బిగించాడు. సంతకం పెట్టమని అతను అడగలేదు. ఆట గుర్రంలాగే పరిగెత్తింది. నిజం చెబుతున్నాను, రెండేళ్ళు కడుపునిండా ఆడాను. కరిముల్లా దొంగ కాదనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం, నా సంతకంతో సహా, ఆ రెండేళ్ళూ నా కాళ్ళ దగ్గర కేబినెట్‌లోనే ఉంది. గవర్నర్‌పేటలో అతన్ని ఎవరూ పనిలో పెట్టుకోలేదని వింటూనే ఉన్నాను. వింటూనే ఆడాను.

ఆ తరవాత ఆటలు 512 అడిగాయి, రెండువేల ఏడుకి ఒక గిగాబైట్ కూడా చాలదన్నాయి. పాత మెషీన్ తుక్కుకి వేసేముందు విప్పి చూస్తే, నా వంకర సంతకం చెరిగిపోకుండా ఉంది. ఆ స్టిక్ జేబులో వేసుకుని వన్ టౌన్ వెళ్ళాను. ఇప్పుడు సిగ్గొచ్చిందా అంటే వచ్చింది. దానికి ఐదేళ్ళు పట్టింది.

మెట్ల కింద అదే బల్ల. రహ్మాన్ సాయిబు కూర్చునే చోట కరిముల్లా కూర్చుని గడియారం విప్పుతున్నాడు. గడియారం తాలూకు మనిషి రెప్ప వేయకుండా అతని వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెళ్ళేదాకా ఆగి, స్టిక్ బల్ల మీద పెట్టాను.

"వెంకటప్పయ్య గారి దగ్గరికి వెళ్దాం పద. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

కరిముల్లా స్టిక్ తీసి సంతకం చదివాడు.

"చెప్పాల్సింది మా నాయనకండీ. ఆయన పోయి రెండేళ్ళయింది. నన్ను ఒక్క మాట అడగలా, తిట్టలా. ఆ రోజు నించీ సొరుక్కి తాళం వేసుకునేవాడు, అంతే."

అతను కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆట బాగా ఆడిందాండీ?" అని అడిగాడు.

"ఆడింది."

"ఆడుద్దండీ. రెట్టింపు కావాలని నేను ముందే చెప్పా గదా."

పాత పేపరు ముక్క చింపి, స్టిక్‌ని పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు.

"మీ సొమ్ము మీ దగ్గరుండాలండీ" అని, పక్కనున్న గడియారం అందుకున్నాడు.