బాలమ్మ మీద పడిన నింద

అవి నలభైల నాటి రోజులు. అమరచింతకు కొత్త కోడలిగా వచ్చాను. వాగులో స్నానం చేస్తుంటే నా ముక్కుపుల్ల జారిపోయింది. అత్తమ్మకు భయపడి, ఎవరో తీశారన్నాను. అందరి అనుమానం మా ఇంట్లో పని చేయడానికి వచ్చే బాలమ్మ మీదికి పోయింది. రోజూ ఆమె చేతులు, కొంగుముడి గమనించీ గమనించీ వాగులో పోయిందని తెలిసి కూడా దొంగ ఆమేనని నేనూ నమ్మేశాను.

మామ అందరికీ మంత్రించిన బియ్యం ఇచ్చి నమలమన్నాడు. దొంగ నోరు ఎండిపోతుందని నమ్మకం. బాలమ్మ ఉమ్మినవి తడిగా ఉన్నాయి. నా నోట్లోంచి మాత్రం పొడిపొడిగా రాలాయి.

"గిదేంది పిల్లా?" అన్నాడు మామ.

"కొత్త పిల్ల గదా, బెదిరింది," అంది అత్తమ్మ.

"అవునత్తమ్మా, భయమైంది," అన్నాను.

బాలమ్మ పని మానేసింది. నేను పిలవడానికి పోతే, "నీ ముక్కుపుల్ల దొరికిందా అమ్మా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. నిజం ఇవాళే, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.