మూడు మెట్లు, ఒక పీట

ఎనభైల్లో సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఒక జబ్బు ఉండేది. మిరపకు ధర పలికిన ఏడాది ఎవరు కొత్త గది కట్టినా, దాని గచ్చు పక్కింటి గచ్చు కంటే జానెడు ఎత్తు లేవాల్సిందే. నల్లరేగడి బురద లోపలికి రాకుండా అని పైకి చెప్పేవాళ్లు. పక్కింటివాడికి మెడనొప్పి పుట్టాలన్నది లోపలి మాట. అప్పుడే బడిపంతులునైన నాకు ఆ జబ్బు అందరికంటే ముదిరింది. పాత వంటింటికి ముందు నేను కట్టించిన హాలు ఎత్తు చూసి కొండవీడు కొండ తలవంచుకుందని నా నమ్మకం. టేపు పెట్టి కొలిస్తే ముప్పై అంగుళాలు.

ఆ ముప్పై అంగుళాలూ దిగితే అమ్మ వంటిల్లు. ఏళ్ల తరబడి మిరపచేలో వంగి కాయ కోసిన మోకాళ్లు ఆమెవి. ఆమె లేచేటప్పుడు అవి చేసే చప్పుడుకి గోడ మీది బల్లి బదులు పలికేది. హాల్లోకి ఆమె ఎక్కగలగాలి. మెట్లు కట్టేది అందుకే.

"నాలుగేస్తే సుఖంగా ఉంటాయండి మాస్టారూ" అన్నాడు తాపీమేస్త్రీ.

నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు పెదనాన్న. ఆయన వీధిలో కుక్కలు కూడా పర్మిషన్ అడిగి మొరిగేవి. ఆయన వేలెత్తి, ఇంకా కట్టని మెట్లు గాల్లోనే ఎక్కాడు.

"లాభం, నష్టం, లాభం, నష్టం. నాలుగైతే నష్టం దగ్గర ఆగుద్ది. మెట్లు బేసిగా ఉండాలిరా. ఈ మాత్రం తెలియకుండా బళ్లో పిల్లలకి ఏం చెప్తున్నావు?"

"అయితే అయిదెయ్యండి బావగారూ" అంది అమ్మ తలుపు చాటునుంచి.

"కింది మెట్టు రోలు మీదికి వచ్చుద్దమ్మా" అన్నాడు మేస్త్రీ.

"రోలు తీసెయ్. రుబ్బేదాన్ని నేనే గదా, ఇంకోచోట రుబ్బుకుంటా."

"మా అమ్మ పాతించిన రోలమ్మా అది" అన్నాడు పెదనాన్న. "కదిపితే ఇల్లు కదిలినట్టే."

భూగోళం ఇరుసు ఆ రోట్లోనే బిగించి ఉన్నట్టు చెప్పాడు. మూడే వెయ్యమని నేను మేస్త్రీకి తలూపాను. నాపరాళ్లతో మూడు మెట్లు లేచాయి. మెట్టుకి పది అంగుళాలు.

మొదటిరోజు అమ్మ గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కూడదీసుకుని ఎక్కింది. పైన చాపమీద కూలబడి, "ఒరేయ్, ఇది హాలా, కోటప్పకొండా? ఈసారి వచ్చేటప్పుడు పులిహోర కట్టుకుని బయల్దేరతా" అంది.

వారం తిరక్కుండా మార్గం కూడా ఆమే కనిపెట్టింది. పొయ్యి ముందు కూర్చునే చెక్కపీట తెచ్చి కిందిమెట్టు ముందు వేసింది. ఎత్తు అయిదు అంగుళాలు. చేపాటి కర్ర దొరికినంత సంతోషపడింది. పెదనాన్న చూసి కాలితో నెట్టేశాడు.

"నాలుగైందిరా."

ఆనాటి నుంచి మా ఇంట్లో నాకొక ఉద్యోగం. పెదనాన్న దగ్గు వీధి మలుపులో వినిపించగానే పీట తీసెయ్యడం, ఆయన వెళ్లగానే మళ్లీ వెయ్యడం. ఆ దగ్గు దర్శి దాకా వినపడేది కాబట్టి నాకు టైము చాలేది.

ఒకరోజు అమ్మ హాల్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. దగ్గు వినిపించింది. నేను చటుక్కున కిందికి దిగి పీట తీసి రోలు వెనక పెట్టాను. ఆయన వచ్చినప్పుడల్లా అమ్మ కిందే ఉండేది. ఆరోజు పైన ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

పెదనాన్న నా కోసం ఒక పెళ్లి సంబంధం మోసుకొచ్చాడు. "కాఫీ పెట్టమ్మా, చెప్తాను" అన్నాడు. అమ్మ ముఖం వెలిగిపోయింది. "పిల్ల ఎంతవరకు చదివింది బావగారూ?" అని వెనక్కి తిరిగి అడుగుతూనే మెట్లు దిగింది. కిందిమెట్టు మీదినుంచి పీట మీదికని కాలు వేసింది.

రోలు పక్కన పడింది. తుంటి ఎముక విరిగింది.

"ఎట్లా పడ్డావమ్మా?" అన్నాడు పెదనాన్న.

అమ్మ నావంక ఒక్కసారి చూసింది.

"కాలు జారింది" అంది.

గుంటూరు ఆసుపత్రిలో నెలరోజులుండి వచ్చాక ఆమె మంచం వంటింట్లోనే వేశాం. పెదనాన్న చూడటానికి వచ్చాడు. ఆరోజు దగ్గలేదు. రోలు వెనక పీట కనిపించింది. వంగి తీసి, తన చేత్తో మెట్ల కింద వేసి, దానిమీదే కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, "రోలు తీసెయ్" అన్నాడు.

అయిదు మెట్లు వచ్చాయి. మెట్టుకి ఆరంగుళాలు, పాకే పిల్లలు కూడా ఎక్కేటట్టు. అమ్మ మంచం మీదినుంచి చూస్తూనే ఉంది. తరవాత రెండేళ్లు బతికింది, వాటిమీద ఒక్కసారీ కాలు పెట్టలేదు.

రోలు తీసిన రోజు సాయంత్రం, అది ఉన్నచోట పోసిన కొత్త సిమెంటు వంక చూస్తూ నన్నడిగింది.

"ఎంతసేపు పట్టిందిరా, తియ్యడానికి?"

గోరంత జరిగితే కొండంత చెయ్యందే నాకు అన్నం అరగదు. ఆ ఒక్కసారి, ‘రోజంతా పట్టింది, నలుగురు లాగారు, గునపాలు విరిగాయి’ అని చెప్పాల్సింది.

"అరగంట" అన్నాను.