మేడ మీది వాళ్ల అద్దె

మొన్న సీతమ్మధారలో కంటి డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, పక్క కుర్చీలోంచి ఎవరో "బాగున్నారా అమ్మగారూ?" అని పలకరించారు. కళ్లలో మందు చుక్కలు వేశారేమో, మొహం మసకగా కనిపించింది గానీ గొంతు ఇట్టే తెలిసింది. గాజువాకలో మా మేడ మీద రెండేళ్లు అద్దెకున్న ఇల్లాలు. ఆమె నవ్వుతూనే మాట్లాడింది. నాకే మొహం చెల్లలేదు.

వాళ్లది శ్రీకాకుళం వైపు. ఆమె భర్త పోర్టులో క్రేను నడిపేవాడు. అద్దె తీసుకోవడం మావారి పని. ప్రతి ఒకటో తారీకునా నేను అడగడం, ఆయన పేపరు అడ్డం పెట్టుకుని "పదో తారీకుకి ఇస్తాడటలే" అనడం. నాలుగైదు నెలలకల్లా నాకు అనుమానం జబ్బులా పట్టుకుంది. పైనుంచి వంజరం వేపుడు వాసన వస్తే, అద్దెకి లేని డబ్బు చేపలకెక్కడిదని ఒళ్లు మండేది. కొరియర్ వస్తే పరదా తొలగించి పెట్టె ఎంతుందో చూసేదాన్ని. తీగ మీద ఆరేసిన చీరల్లో కొత్తవేవో చెప్పగలిగేదాన్ని. రెండేళ్లు కావస్తుండగా ఓసారి ఆమెని మెట్ల మీద ఆపి, "ఈ నెల కూడా ఆలస్యమేనా?" అన్నాను. "నాకేటీ తెల్దమ్మా" అంటూ మొహం తిప్పుకుని గబగబా ఎక్కేసింది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాను. ఆ వారమే ఖాళీ చేయమన్నాను. "తొందరపడకు" అని మావారు రెండు రోజులు నసిగారు. ఆయనది మెతక మనసని వినలేదు.

సామాను వ్యానెక్కుతుంటే గేటుకడ్డంగా నిలబడి, "ఈ నెల అద్దె ఇచ్చి కదలండి" అన్నాను. ఆమె భర్త మావారి వైపు చూశాడు. మావారు తలెత్తలేదు. ఆమె మాత్రం ఉగ్గబట్టుకోలేకపోయింది.

"ఏటమ్మా, ఒక్క నెలైనా ఆలీసం సేసినామా? ఒకటో తారీకు పొద్దున్నే బాబుగారికి ఫోన్లో ఏసేత్తన్నాం. మీకు సెప్పొద్దన్నారని నోరు మూసుకున్నాం" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. అన్ని నెలలూ ఉన్నాయందులో.

మా ఆడపడుచుకీ నాకూ గృహప్రవేశం నాటి నుంచీ మాటల్లేవు. ఆవిడ మందులకి ఒకటో తారీకునే ఆ డబ్బు పంపేసి, మావారు నాకు చెప్పకుండా ఓ కొట్లో లెక్కలు రాసినందుకు పదో తారీకున వచ్చే జీతంతో దాన్ని పూడ్చేవారట. "నీకు చెప్తే ఒప్పుకుంటావా?" అన్నారు. నిజమే, ఒప్పుకునేదాన్ని కాదు.

వాళ్లని ఉండిపొమ్మని బతిమాలాను. "గోపాలపట్నంలో అడ్వాన్సు ఇచ్చేసినామమ్మా" అని ఆమె వ్యానెక్కింది. మర్నెల నుంచీ ఆడపడుచుకి నేనే డబ్బు పంపుతున్నాను. మాటలు మాత్రం ఇంకా పొడిపొడిగానే ఉన్నాయి.

డాక్టరు పిలిచేదాకా ఆమె ఏవేవో కబుర్లు చెప్పింది. రెండేళ్లు నా నెత్తి మీదే కాపురమున్న మనిషితో నేను తీరిగ్గా మాట్లాడింది ఆ పావుగంటే.