ఆరు నిమిషాల పడవ

ల్యాబులో అందరూ ఆమెను పళ్ళక్క అనేవారు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని కట్టుడు పళ్ళు తయారు చేయడం. డాక్టర్లు పంపిన దవడ అచ్చుల మీద మైనంతో పళ్ళు అమర్చడం, అరగదీయడం, మెరుగు పెట్టడం. కిటికీ పక్కనున్న బల్ల ఆమెది. మనుషుల మొహాలు చూసే పని కాదది. అయినా బస్సులో ఎవరైనా ఆవలిస్తే, ఆ పళ్ళు తన చేతివో కావో ఇట్టే చెప్పగలిగేది.

ఒకరోజు గడియారాలు బాగుచేసే పెద్దాయన కింది పళ్ళ సెట్టు చేత్తో పట్టుకుని నేరుగా ల్యాబుకే వచ్చాడు. డాక్టరు దగ్గరికి మూడుసార్లు తిరిగాడట, నొప్పి తగ్గలేదట. పళ్ళక్క ఆయన పళ్ళ మధ్య నీలి కార్బన్ కాగితం పెట్టి కొరకమంది. ఎత్తుగా ఉన్న చోట నీలి మరక పడింది. వెంట్రుక మందమంత అరగదీసి ఇచ్చింది. పెద్దాయన రెండుసార్లు నోరు మూసి తెరిచి, ప్రాణం లేచివచ్చినట్టు కూర్చుని, జేబులోంచి బొటనవేలంత కంచు వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు. రెండు రెక్కల ప్రొపెల్లరు.

"అమ్మా, ఈ రెక్కల అంచులు కూడా కాస్త పలచన చేసిపెడతారా? నా కళ్ళకి ఇదివరకటి చూపు లేదు."

భోజనాల వేళ ఆమె ఆ పని పట్టుకుంది. అంచులు పలచన చేశాక సూదికి గుచ్చి చూస్తే ప్రొపెల్లరు ఎప్పుడూ ఒకే రెక్క కిందికి వచ్చేలా తిరిగి ఆగుతోంది. అంటే ఆ రెక్క బరువు. దాని వెనక వైపు కొద్దికొద్దిగా అరగదీస్తూ పోయింది. చివరికి ఎలా వదిలితే అలాగే నిలబడింది. పెద్దాయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసుకుని జేబులో వేసుకున్నాడు. ఆదివారం పొద్దున ఊరి చివర నీళ్ళు నిండిన పాత క్వారీ గుంట దగ్గరికి రమ్మని పిలిచాడు.

అక్కడ పది మంది దాకా మగవాళ్ళు, గట్టు మీద చేతి పొడవు పడవలు. గడియారాల మేస్త్రీ తన పడవను నీళ్ళలో వదిలి రిమోటు మీట నొక్కాడు. పడవ ఒక్కసారి కడుపు పైకెత్తి, వెనక తెల్లటి నీటి తెర లేపుకుంటూ అవతలి గట్టు దాకా పోయి మలుపు తిరిగింది. దాని తోకలో తిరుగుతున్నది తన చేతి పని. పళ్ళక్క నీళ్ళ అంచు దాకా వెళ్ళి నిలబడింది.

ఇంటికి వెళ్ళగానే భర్తతో, "నాకూ ఒకటి కావాలండీ" అంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. సగం నిద్రలో, గొడుగు గురించి అనుకుని సరేనన్నాడు. సంగతి తెలిశాక కూడా మాట వెనక్కి తీసుకోలేదు. అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. యాభై రెండేళ్ళొచ్చాక నీళ్ళలో ఆటలేమిటని వారం రోజులు సాధించింది. అదీ కోడలు చేసిపెట్టిన పళ్ళతోనే.

మేస్త్రీ అటకమీద పడి ఉన్న ఖాళీ పడవ డొల్ల ఇచ్చాడు. మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలరు, బ్యాటరీలు ఒక్కొక్కటే సమకూర్చుకుంది. ఆ పడవల సంఘానికి కార్యదర్శి ఒక రిటైరైన ఓవర్సీరు. మర్యాదస్తుడు. "మీకెందుకు మేడమ్ శ్రమ? మేం అన్నీ బిగించి ఇస్తాం. మీరు రిమోటు పట్టుకుంటే చాలు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. కానీ ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తన పడవ మూత తన చేత్తో తప్ప తెరుచుకోకూడదని ఆ రోజే అనుకుంది.

మొదటి ఆదివారం దొరికినవాటిలో పెద్ద ప్రొపెల్లరు, బరువైన బ్యాటరీలు పెట్టింది. పెద్దదైతే వేగం ఎక్కువని లెక్క. బ్యాటరీలు ముందుకు పెట్టడంతో పడవ ముక్కు నీళ్ళలో దించి నాగలిలా దున్నుకుంటూ పోయింది. బలం చాలక అలా పోతోందనుకుని మీట ఇంకా నొక్కింది. నిమిషం తిరక్కుండానే మూత సందులోంచి పొగ వచ్చింది. పడవ గుంట నడుమ ఆగిపోయింది. ఎవరో గాలం తాడుకు బంతి కట్టి విసిరి లాక్కొచ్చారు. కంట్రోలరు మాడిపోయింది. బ్యాటరీ పిప్పిపన్ను బుగ్గలా వాచిపోయింది.

ఆ వాచిన బ్యాటరీని అత్తగారు చూసింది. అది ఇంట్లో ఉంటే తాను ఉండనంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఛార్జింగు పెరట్లోనే పెట్టాలి. బ్యాటరీ ఇసుక పోసిన మట్టి కుండీలో ఉండాలి. అయ్యేదాకా పక్కన ఒకరు కూర్చోవాలి. ఆ ఒకరు ఎవరన్నది ఎవరూ అనుకోకుండానే తేలిపోయింది. రోజంతా ఇంట్లో ఉండేది అత్తగారే.

కొత్త కంట్రోలరు వచ్చే లోపల పళ్ళక్క మేస్త్రీ దుకాణానికి వెళ్ళి, ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమంది.

"మోటారు అడిగినంతా బ్యాటరీ ఇవ్వాలమ్మా. ఇవ్వలేకపోతే వాస్తుంది" అన్నాడాయన. "మోటారు ఎంత అడగాలో చెప్పేది ప్రొపెల్లరు."

అంతకు మించి చెప్పలేదు. ఆమెకూ అక్కర్లేకపోయింది. ఒక్క పన్ను ఎత్తుగా ఉంటే దవడ మొత్తం ఎలా నొప్పి పెడుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

ఆ తరవాత ఆమె పద్ధతి మార్చింది. ఆదివారానికి ఒక్కటే మార్పు. అర నిమిషం నడిపి పడవను వెనక్కి తెచ్చి, మూత తీసి మోటారు మీద, కంట్రోలరు మీద, బ్యాటరీ మీద వేలు పెట్టేది. ఐదు లెక్కపెట్టేదాకా వేలు ఉంచలేకపోతే ప్రొపెల్లరు పెద్దదని అర్థం. చిన్నది మార్చేది. వేడి అదుపులోకి వచ్చాక బ్యాటరీల సంగతి చూసింది. వేలెడు వెనక్కి జరిపితే ముక్కు లేచింది. మరో వేలెడు జరిపితే పడవ కప్పలా గెంతింది. సరిగ్గా కుదిరిన చోట పడవ లోపల పెన్సిలు గీత గీసుకుంది. ఇదంతా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కేది. తేదీ, గాలి, ప్రొపెల్లరు కొలత, వేడి. వానలో కూడా వెళ్ళింది. జ్వరంగా ఉన్న రోజు వెళ్ళొద్దని భర్త అంటే, పడవకి జ్వరం లేదుగా అంది.

సంఘం ఏటా ఒక పోటీ పెట్టేది. ఆరు నిమిషాల్లో ఎవరు ఎక్కువ చుట్లు తిరిగితే వాళ్ళు గెలిచినట్టు. బ్యాటరీలు అందరికీ ఒకే బరువు. అసలు చిక్కంతా అక్కడే. పెద్ద ప్రొపెల్లరుతో మొదట్లో దూసుకుపోవచ్చు గానీ ఐదో నిమిషంలో బ్యాటరీ చేతులెత్తేస్తుంది. మొదటి ఏడాది ఆమె పడవ రెండో మలుపులోనే బోర్లాపడింది. ఓవర్సీరు పాపం వచ్చి ఓదార్చాడు. ఆ ఓదార్పు ఆమెకు బోర్లాపడటం కంటే కష్టంగా అనిపించింది.

ఆ ఏడాదంతా ఆమె బ్యాటరీ మీదే కూర్చుంది. సరిగ్గా మూడు నిమిషాలు నడిపేది. ఇంటికొచ్చి ఛార్జింగు పెడితే బ్యాటరీ ఎంత తిరిగి తాగిందో ఛార్జరు మీద అంకె కనిపించేది. దానికి రెట్టింపు ఆరు నిమిషాల ఖర్చు. ఐదో వంతు మిగిలేలా చూసుకోవాలి, పూర్తిగా పిండేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. కుండీ పక్కన కుర్చీలో కూర్చున్న అత్తగారు ఆ అంకె చదివి చెప్పేది. కొన్నాళ్ళకు, "పోయిన వారం కంటే ఎక్కువ తాగింది అమ్మాయ్, ఏం చేశావు?" అని తనే నిలదీయడం మొదలుపెట్టింది.

రెండో ఏటి పోటీకి అత్తగారు కూడా వస్తానని కుర్చీ బస్సెక్కించింది.

ఆ పొద్దున పళ్ళక్క ఒక్క చుట్టు నడిపి చూద్దామని పడవను వదిలితే, నీళ్ళలో తేలుతున్న కర్రముక్క తగిలి ప్రొపెల్లరు ఒక రెక్క కొస విరిగిపోయింది. సంచిలో ఉన్నవి రెండే. రెండూ అచ్చులోంచి వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. ఒకటి విరిగినదాని పాత కొలతే, ఒకటి దానికంటే చిన్నది. ఆమె వంతుకు ఇంకా యాభై నిమిషాలుంది. ఓవర్సీరు తన పెట్టెలోంచి సానపట్టి సిద్ధంగా ఉన్న ప్రొపెల్లరు తెచ్చి ఇచ్చాడు. అది పెద్దది.

"చాలా థాంక్స్ అండీ. కానీ అది నా బ్యాటరీకి సరిపోదు" అంది.

మేస్త్రీ ఒక రెక్క తాను చూస్తానన్నా వద్దంది. గట్టు మీద తువ్వాలు పరిచి, ల్యాబు నుంచి తెచ్చుకున్న సన్న ఆకురాళ్ళు, ఉప్పుకాగితం ముందు పెట్టుకుంది. గాలి లేచి నీళ్ళు అలలు కొడుతున్నాయి. అలల్లో మోటారు ఎక్కువ శ్రమపడుతుంది. అందుకని చిన్నదే తీసుకుంది. అంచులు పలచన అయ్యాయి గానీ, నిలబెట్టిన రెండు షేవింగ్ బ్లేడ్ల అంచుల మీద సూది ఆనించి బరువు సరిచూడబోతే గాలికి ప్రొపెల్లరు తిరిగిపోతోంది. అత్తగారు కుర్చీ జరిపించుకుని వచ్చి, గొడుగు తెరిచి అడ్డం పట్టింది.

"కదలకుండా కూర్చోవడం ఒక్కటే ఈ వయసులో నాకు బాగా వచ్చింది. నువ్వు కానీ."

చుట్టూ పది మంది నిలబడి చూస్తున్నారు. సూది మీద రెక్కలు ఎలా వదిలితే అలా నిలబడ్డాయి. ఎదురుగాలికి ముక్కు లేవకుండా బ్యాటరీలను పెన్సిలు గీతకు అర వేలు ముందుకు జరిపి పట్టీ బిగించేసరికి ఆమెను పిలిచారు.

ఐదు పడవలు బయల్దేరాయి. ఓవర్సీరుది ముందు, పళ్ళక్కది నాలుగు. ఆమె తొందరపడలేదు. మూడో నిమిషంలో రెండు పడవలు రాసుకుని ఒకటి బోర్లాపడింది. వెనక నుంచి అత్తగారు చేతి గడియారం చూసి నిమిషాలు చెబుతూనే ఉంది. ఐదో నిమిషం దాటగానే ముందున్నదొకటి నీరసించి ఆగిపోయింది. ఆరో నిమిషం పూర్తయ్యేసరికి ఓవర్సీరు గెలిచాడు. పళ్ళక్క ఒక్క చుట్టు తేడాతో రెండోది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మూత తీసి బ్యాటరీ మీద వేలు పెట్టింది. గోరువెచ్చగా కూడా లేదు. సాయంత్రం కుండీలో పెడితే ఛార్జరు మీది అంకె చూసి మొహం మాడ్చుకుంది.

"రెండోదానివి వచ్చావు కదే, ఇంకేమిటి?" అంది అత్తగారు.

"మూడో వంతు మిగిలిపోయింది అత్తయ్యా. భయపడి చిన్నది పెట్టాను. పాత కొలతే పెట్టుకుంటే సరిపోయేది."

ఆ రాత్రి నోటుపుస్తకంలో ఆ మాటే రాసుకుంది.

మూడో ఏటికి గాలి ఉన్న రోజుకొకటి, లేని రోజుకొకటి ప్రొపెల్లర్లు సానపట్టి డబ్బాలో వరసగా పెట్టుకుంది. ల్యాబుకు పళ్ళు చెక్కే మెషీను వచ్చి, బల్ల కిటికీ పక్క నుంచి లోపలి గదికి మార్చారు. ఆమె ఆదివారాలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. పోటీ రోజు నీళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. పాత కొలత ప్రొపెల్లరు పెట్టింది. మొదటి నిమిషం నుంచీ ఓవర్సీరు పడవ వెనకే పట్టు వదలకుండా నడిపి, ఐదో నిమిషంలో లోపలి మలుపు దొరకబుచ్చుకుని దాటింది. అర చుట్టు తేడాతో గెలిచింది.

ఓవర్సీరు వచ్చి ప్రొపెల్లరు కొలత అడిగాడు. దాచకుండా చెప్పింది. ఆయన అరచేతి మీద రాసుకున్నాడు. ఆమె పడవను ఒళ్ళో పెట్టుకుని మూత తీయబోయింది. కొక్కెం వేళ్ళకు చిక్కకుండా జారిపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి, పక్కనున్న మేస్త్రీ వైపు పడవ చాచింది.

"కాస్త తీసిపెట్టండి మేస్త్రీ గారూ. నా వల్ల కావడం లేదు."

ఆయన మూత తీశాడు. ఆమె లోపల వేలు పెట్టి ఐదు దాకా లెక్కపెట్టింది.