చతికిలబడే మామయ్య

మా మామయ్యకి ఎక్కడ పడితే అక్కడ చతికిలబడే జబ్బు. నడుస్తూ నడుస్తూ ఆగి, ఆయాసపడుతూ "బండి ఆగిపోయింది" అని ప్రకటించి, మూసిన కొట్టు మెట్టు మీదో, ఎవరిదో స్కూటరు మీదో కూలబడేవాడు. ఓసారి ఒక పెళ్లిలో ఖాళీగా కనిపించిందని వరుడి కుర్చీలోనే కూర్చున్నాడు. మొహమాటస్తులు ఇద్దరు ఆయన చేతికే బహుమతులిచ్చి ఫొటో దిగి వెళ్లారు.

వింతేమిటంటే, ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఉద్యోగమంతా పిల్లల్ని మైదానం చుట్టూ పరుగెత్తించినవాడు. "మాస్టారి పరుగంతా అప్పుడే ఖర్చయిపోయింది" అని పాత శిష్యులు నవ్వుకునేవారు.

"మీతో బజారుకి రావడమంటే నా పరువు నేనే తీసుకోవడం" అని సణుగుతూ అత్తయ్య కూడా ఆయన పక్కనే కూర్చునేది. ఆవిడ మోకాళ్ల సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఊరుకునేది కాదు. "నాకేం, రాయిలా ఉన్నాను. అరిగిపోయింది ఆయన."

ఇలా ఉండగా మా పేటలో పెద్దవాళ్ల కోసం ఒక కేంద్రమూ, దాని పక్కనే అద్దె గదులూ కట్టారు. నోరు పెద్దదని కమిటీలో నన్నూ వేశారు. ముసలివాళ్ల కోసం ఏం కట్టినా అందరినీ సలహా అడుగుతారు, ముసలివాళ్లని తప్ప. అందుకని మామయ్యనీ అత్తయ్యనీ మీటింగుకి లాక్కెళ్లాను. ఇంటి మేడమెట్లు ఎక్కలేక వాళ్లిద్దరూ అక్కడ గదికి దరఖాస్తు పెట్టుకున్నారు కూడా.

అక్కడ బయటపడింది అసలు మెలిక. గది నుంచి భోజనాల హాలుదాకా సాయం లేకుండా నడిచి చూపించాలట. నడవలేనివాళ్లు నర్సులు చూసుకునే వార్డుకి పోవాలి. అంటే భర్తకి గది, భార్యకి వార్డు కూడా కావచ్చు. అత్తయ్య చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఎంత నడక సార్, చక్కటి వరండా. ఎక్కడా ఏ అడ్డూ లేదు" అన్నాడు ఇంజనీరు.

"అదే గొడవ నాయనా. అడ్డం ఏదైనా ఉంటే దాని మీద కూర్చునేవాణ్ణి" అన్నాడు మామయ్య.

"బెంచీలు వేస్తే వరండా అందం పోతుంది."

"ఆ అందం వచ్చి మాకు అన్నం పెడుతుందా?" అన్నాను నేను. మీటింగు అక్కడితో ముగిసింది.

నడక పరీక్ష రోజున వరండా మధ్యలో, రంగులవాళ్లది కాబోలు, పచ్చరంగు మరకలున్న ఒక పొడుగాటి బల్ల గోడకి ఆనించి వేసి ఉంది. ఇంజనీరు, కేంద్రం మేనేజరమ్మ ముందు నడిచారు. వెనక అర్జీదారులందరూ. సగం దూరం వచ్చేసరికి అత్తయ్య చెయ్యి గోడ కోసం తడుముకుంది. మామయ్య ఠక్కున ఆగాడు.

"బండి ఆగిపోయింది" అని బల్ల మీద కూలబడ్డాడు.

"లేవండి మాస్టారూ, పరీక్షలో తప్పుతారు" అంది మేనేజరమ్మ.

"తప్పితే తప్పాను. కూర్చునే తప్పుతాను."

"నలుగురిలో ఏమిటండీ ఇది" అని సణుగుతూ అత్తయ్య ఆయన పక్కన కూర్చుంది. ఆ వెనక దర్జీ తాత, ఆయన వెనక ఇంకొందరు. బల్ల నిండిపోయింది. కాసేపటికి ఒక్కొక్కరే లేచి, ఎవరి కాళ్ల మీద వాళ్లు హాలుదాకా నడిచారు.

"కూర్చుంటే అది నడకెలా అవుతుంది?" అన్నాడు ఇంజనీరు.

"స్టాపులో ఆగినంత మాత్రాన బస్సు ఊరు చేరదా?" అన్నాను.

మేనేజరమ్మ ఒకసారి తన నడుం నొక్కుకుని, ఖాళీగా ఉన్న బల్ల వైపు చూసింది. "బెంచీలు వేయించండి. అందరూ పాసే" అంది.

అప్పుడు చూశాను, మామయ్య చొక్కా భుజం మీద పచ్చరంగు మరక. పక్కకి లాగాను.

"ఆ బల్ల ఇద్దరు మనుషులు మోసే బరువు. ఒక్కడివే మోసుకొచ్చావా? మరి నీ ఆయాసమేమైంది మామయ్యా?"

"మెల్లగా మాట్లాడవే. నాకెక్కడిది ఆయాసం? మీ అత్తయ్య చచ్చినా కూర్చుంటాననదు. నేను కూర్చుంటే నన్ను తిట్టడానికైనా కూర్చుంటుంది."

మొన్న వాళ్ల కొత్త గదికి వెళ్తూ, వరండాలో మూడో బెంచీ మీద ఇద్దరినీ పట్టుకున్నాను.

"ఇవన్నీ మీ మామయ్య కోసమే వేయించారే" అంది అత్తయ్య, మోకాలు రాసుకుంటూ. "ఓపిక లేని మనిషి. ఒంటరిగా వదల్లేక నేనూ కూర్చుంటున్నాను."

మామయ్య నా వైపు చూడకుండా, వీలైనంత గట్టిగా ఆయాసపడ్డాడు.